పదకొండు సెకన్ల కుదుపు

"మళ్ళీ వెనక్కి తిప్పు" అంది అనసూర్య.

"ఇది ఏడోసారక్కా" అంది మమత, విసుగు దాచుకోకుండానే. అయినా తిప్పింది.

గోదావరిఖని మార్కెట్ వెనక గల్లీలో, మేడ మీద, పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికే చిన్న గది అది. కిటికీకి నల్లగుడ్డ కట్టి ఉంది. ఫ్యాను ఉంది గానీ గాలంతా కంప్యూటర్‌కే, మనుషులకు కాదు. టైము పగలు పన్నెండున్నర. పొద్దున్నుంచి అనసూర్య కడుపులో చాయ్ తప్ప ఏమీ పడలేదు. కళ్ళు మండుతున్నాయి, మోకాళ్ళు పీకుతున్నాయి. తెరమీద భూపాల్ మాత్రం అలుపన్నది లేకుండా మాట్లాడుతూనే ఉన్నాడు.

అనసూర్యకు యాభై మూడేళ్ళు. ఇరవై ఆరేళ్ళు పోలీసు కొలువు చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగానే విసిగి బయటికొచ్చింది. ఇప్పుడు ఖనిలో జనం ఆమెను డిటెక్టివ్ అక్క అంటారు. వినడానికి ఆ పేరు బాగానే ఉంటుంది. పని మాత్రం ఇదే: పరాయివాళ్ళ అబద్ధాలు ఏడేసిసార్లు వినడం.

కేసు చెప్పుకుంటే చిన్నదే. నాలుగు రోజుల కిందట, శుక్రవారం మధ్యాహ్నం, సెంటినరీ కాలనీలో గనిలో కార్మికుల పని చూసే లింగమూర్తి అనే ఓవర్‌మన్‌ను తన క్వార్టర్‌లోనే ఎవరో తలమీద కొట్టి చంపారు. ముప్పై ఏడేళ్ళు గనిలో పనిచేసినవాడు, భార్య పోయినవాడు, ఇంకో ఐదు రోజుల్లో రిటైర్ కావలసినవాడు. ప్రాణం పోయింది రెండున్నరకీ మూడుంబావుకీ మధ్య అని డాక్టర్లు తేల్చారు. మూడూ పదికి ఆ గుమ్మంలోంచి ఉపేందర్ పరుగెత్తడం కాలనీలో ఇద్దరు చూశారు. పక్క క్వార్టరే అతనిది, అదే గనిలో పని. ముందురోజు లింగమూర్తి అతనికి హాజరు మస్టర్ వెయ్యలేదు, ఉపేందర్ అందరి ముందూ "నీ సంగతి చూస్త" అన్నాడు. అంతే, నిన్న సాయంత్రం ఇన్‌స్పెక్టర్ సత్తిబాబు అతన్ని పట్టుకెళ్ళి లోపలేశాడు. ఇవాళ నాలుగు గంటలకు మెజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. జైలుకు పంపిస్తే, రెండు రోజులు దాటగానే కొలువు నుంచి సస్పెండ్ చేస్తారు.

తెల్లవారుతూనే ఉపేందర్ తల్లి సారవ్వ వచ్చి అనసూర్య గడపలో కూలబడింది.

"నా పెనిమిటి ఊపిరి చెడి అన్‌ఫిట్ అయితే కొడుక్కొచ్చిన నౌకరి బిడ్డా అది. పిలగాడు సారీ చెప్పుదామని పోయిండు, పీనుగను చూసి బుగులువట్టి ఉరికిండు. ఆయినను పోగొట్టుకుంటి, వీన్నీ పోగొట్టుకుంటనా?"

అనసూర్య చెప్పులేసుకుని బయల్దేరింది.

ఆమె అనుమానమంతా భూపాల్ మీద. లింగమూర్తికి ఇల్లరికపు అల్లుడు; కూతురు ఆ వారం ఊళ్ళో లేదు. కొలువులో ఉండగా మనిషి పోతే ఇంటివాళ్ళలో ఒకరికి, ఇల్లరికపు అల్లుడికైనా సరే, ఉద్యోగం వస్తుంది. రిటైరయ్యాక పోతే దండే వస్తుంది. ఐదు రోజుల తేడా! బొగ్గుబావుల దగ్గర పుట్టి పెరిగిన ఎవరికైనా ఆ ఐదు రోజుల విలువ తెలుసు.

అయితే భూపాల్ దగ్గర వీడియో ఉంది. కార్మికుల కష్టసుఖాల మీద యూట్యూబ్‌లో మాట్లాడతాడతను. కాలనీ షాపింగ్ కాంప్లెక్స్‌లో ఒక షట్టర్ అద్దెకు తీసుకుని, కెమెరా స్టాండుకు బిగించి, ఒక్కడే కూర్చుని రికార్డు చేసుకుంటాడు. శుక్రవారం నాటి వీడియోలో అతని వెనక గోడ గడియారం రెండు గంటల ముప్పై ఆరుకు మొదలై మూడు గంటల ఆరుకు ఆగుతుంది. మనిషి కుర్చీలోంచి లేవలేదు. మూడుంబావుకు దాన్ని మమతకు పంపాడు. ఆమె ఎడిట్ చేసి సాయంత్రానికి పెట్టేసింది.

"ఆగు. ఇక్కడ ఈ బస్టాండు ఫొటో ఎందుకు పెట్టినవు?" అంది అనసూర్య.

తెరమీద భూపాల్ గొంతు వినబడుతోంది గానీ మనిషి లేడు. నాలుగు సెకన్లపాటు బస్టాండు బొమ్మ, మళ్ళీ మనిషి.

"దాని కింద కట్ ఉన్నదక్కా. అతుకు కనబడొద్దని బొమ్మ కప్పిన. మొదలు గంపగుత్తగ కోసేస్తం. తర్వాత ఒక్కొక్క కట్ దగ్గర కూసుండి అటు రెండు ఫ్రేములు, ఇటు మూడు ఫ్రేములు చెక్కుకుంట పోతం. దగ్గు తీస్తం, తుమ్ము తీస్తం, 'ఆ… ఊ…' తీస్తం. మనిషి గుక్క తిప్పుకోకుండ మాట్లాడినట్టు కావాలె. నా పనే గది."

"ఇక్కడేం తీసినవు?"

"బ్లాస్టింగ్ కుదుపు. కాలనీల ఏ వీడియో తీసినా ఒక కుదుపు ఉంటది. పెండ్లి తీసినా ఉంటది, బారసాల తీసినా ఉంటది. కండ్లు మూసుకొని తీసేస్త."

అనసూర్య కుర్చీ ముందుకు జరుపుకుంది. "తీసేసింది పోయినట్టేనా?"

"పోదక్కా. కట్ అంచు వట్టుకొని గుంజితే మళ్ల వస్తది."

మమత మౌస్‌తో ఆ అంచును పట్టుకుని కుడివైపుకు లాగింది. కోసేసిన ముక్క పాము కుబుసంలా మెల్లగా బయటికొచ్చింది. పదకొండు సెకన్లు. వెనక గడియారం రెండూ యాభై. భూపాల్ మాట్లాడుతూ ఉండగా బల్ల అదిరింది, కెమెరా ఊగింది. అతను మాట ఆపి పైకి చూశాడు. "ఆ… బ్లాస్టింగ్ పడ్డది. మమతా, ఈ ముక్క తియ్యి" అన్నాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ అందుకున్నాడు.

అనసూర్య కుర్చీలో వెనక్కి వాలింది. సెంటినరీ కాలనీ పక్కన, బొగ్గు కోసం నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్‌లో రోజూ బ్లాస్టింగ్ పడేది సరిగ్గా రెండూ యాభైకే. గడియారం ముళ్ళు ఎవడైనా తిప్పగలడు, కెమెరాలో టైమూ మార్చుకోగలడు. భూమిని అదిరించడం ఎవడి తరం? ఇంతసేపూ ఆమె వెతికింది భూపాల్ అబద్ధం కోసం. దొరికింది అతని నిజం. ఇంటికెళ్ళి పడుకుంటే బాగుండుననిపించింది.

"పోలీసులు ఈ ముక్క చూసిన్రా?"

"సత్తిబాబు సార్ చూసిండు. నవ్విండు. ఫైనల్ వీడియో పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకొని పోయిండు."

"అసలు ఫైలు?"

"నాకాన్నే ఉన్నది. ఎడిట్ అయినంక తీసెయ్యమన్నడు భూపాలన్న. నేను నెల దాక ఎవ్వలియీ తియ్య. మళ్లొచ్చి అడుగుతరు గదా."

"ఎన్నడన్న గట్ల తీసెయ్యమన్నడా ఇదివరకు?"

మమత తల అడ్డంగా ఊపింది. "లేదు."

"అయితే తియ్యకు" అని అనసూర్య లేచింది. మోకాలు టక్కుమంది.

*

లింగమూర్తి క్వార్టర్ ముందు సత్తిబాబు జీపు నిలబడి ఉంది. కోనసీమ నుంచి ఉద్యోగానికొచ్చి పద్దెనిమిదేళ్ళుగా జ్యోతినగర్‌లో కాపురముంటున్న మనిషి. ఒకప్పుడు అనసూర్య అతని కిందే పనిచేసింది. బసంత్‌నగర్ లారీ దొంగల కేసులో చెమటోడ్చింది ఆమె, పతకం అందుకున్నది అతను. అది ఇద్దరికీ గుర్తే, ఇద్దరూ ఎత్తరు.

"రండి రండి, అనసూర్యగారూ! వీడియో చూశారా?"

"చూసిన సార్."

"బ్లాస్టింగు ముక్క కూడా చూశారా? మీ బొగ్గుగనే వచ్చి సాక్ష్యం చెబుతుంటే ఇంకా ఎందుకండీ ఈ తిప్పలు? హాయిగా రెస్టు తీసుకోవచ్చు కదా ఈ వయసులో."

"రెస్టు దొరికితే తీసుకోనా సార్. లోపల ఒక్కసారి చూసి పోత."

"చూడండి, చూడండి. పది నిమిషాలు. మూడింటికి బయల్దేరాలి, నాలుగుకి కోర్టు."

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం, టీవీ. వంటగదిలో నేలమీద సుద్దగీత, నల్లబడిన మరక. మరకకు రెండడుగుల అవతల కింద గిన్నెలు. పైన చెక్క అర ఖాళీగా ఉంది.

"గింజుకున్నాడు పాపం. అరలో గిన్నెలన్నీ కిందపడ్డాయి. బలమైనవాడే కొట్టాడు. వయసులో ఉన్నవాడు" అన్నాడు సత్తిబాబు.

అనసూర్య గోడ పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చుంది. కూర్చోవడమే ఒక యజ్ఞం, లేవడం సంగతి తర్వాత చూసుకోవచ్చు. గిన్నెల కింద నాలుగు మడతలు పెట్టిన పాత దుప్పటి ఉంది. ఇత్తడి బిందె, దాని పక్కన గంగాళం, తర్వాత చెంబులు, తర్వాత గ్లాసులు. అన్నీ బోర్లించి ఉన్నాయి. పింగాణీ గిన్నెల మధ్య గుడ్డముక్కలు దోపి ఉన్నాయి.

"సార్, కొట్లాటల వడ్డ గిన్నెలు సైజు చూసుకొని పడతయా? కింద దుప్పటి పరుచుకొని?"

సత్తిబాబు వంగి చూశాడు. "సర్దుకుంటున్నాడేమో. రిటైరవుతున్నాడు కదా, మూటాముల్లే కడుతున్నాడేమో."

అప్పుడే సైరన్ మోగింది.

దూరంగా ఓపెన్‌కాస్ట్ వైపు నుంచి లేచి, సాగి సాగి వస్తున్న కూత. రెండూ నలభై. ఆ కూత ఇంకా ఆగనేలేదు, కాలనీ లైను మొత్తం ఒకటే చప్పుడు. ఈ ఇంట్లో, ఆ ఇంట్లో, వెనక వరసలో, స్టీలు గిన్నెలు టంగుటంగుమంటూ దిగుతున్నాయి. సత్తిబాబు ఉలిక్కిపడి తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"ఏంటండీ ఇది?"

పక్క క్వార్టర్ కిటికీలోంచి సారవ్వ కనబడుతోంది. కొడుకు లాకప్‌లో ఉన్నాడు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అరలోంచి గిన్నెలు దించి నేలమీద బోర్లిస్తోంది.

"బ్లాస్టింగ్‌కు సైరన్ కొట్టిన్రు సార్. పైన ఉంచితే కుదుపుకు మీదవడతయి. ఈడ ఆడోళ్ళందరూ దించుకుంటరు. ఆడోళ్ళు లేని ఇండ్లల్ల మొగోళ్ళు దించుకుంటరు" అంది అనసూర్య. ఆమె చూపు ఆ ఇత్తడి బిందె మీదే ఉంది. చచ్చిపోయిన పెళ్ళాం బిందె సొట్టపడకుండా దుప్పటి పరిచి దించుకున్నాడు లింగమూర్తి. ఆయన చేసిన ఆఖరి పని అది.

"అయితే ఏమైంది? రెండూ నలభైకి బతికున్నాడు, అంతేగా? బ్లాస్టింగు టైముకి భూపాల్ కెమెరా ముందున్నాడు. నా లెక్క మారలేదు" అన్నాడు సత్తిబాబు.

మారలేదు. నిజమే. అనసూర్య గోడ పట్టుకుని లేచింది. వెళ్ళిపోదామనుకుంటూ, ఊరికే, మాట కోసమే అడిగినట్టు కిటికీ దగ్గర ఆగింది.

"అవ్వా, మళ్ల పైన ఎప్పుడు వెడ్తవు?"

"బ్లాస్టింగ్ అయిపోయి రెండో సైరన్ కొట్టినంక బిడ్డా. గప్పటిదాక ముట్ట."

"శుక్రారం ఎప్పుడు వెట్టినవు?"

సారవ్వ చేతిలో చెంబు ఆగిపోయింది. "శుక్రారం… శుక్రారం పెట్టలే బిడ్డా. ఆ రోజు కిందనే కూసుండి వండిన. నడుము పడిపోయింది. రెండో సైరన్ కొట్టనే లేదు."

"కొట్టలేదా?"

"మబ్బు వట్టింది, మెరుపులు మెరిసినయి. ఎంతకూ కొట్టలే. గంతల్నే అయ్యో అని మొత్తుకున్నరు, పీనుగ, పోలీసులు… గిన్నెల సంగతి ఎవలకు యాదికుంటది."

రోజూ పడే బ్లాస్టింగ్ ఒకరోజు పడకపోతే ఎవరు పట్టించుకుంటారు? పడ్డదైనా గుర్తుంటుంది గానీ, పడనిది గుర్తుండదు.

"అవ్వా, మీ మరిది సదయ్య షాట్‌ఫైరర్ గదా. ఇంట్ల ఉన్నడా?"

"ఇయ్యాల ఆయినకు రెస్టు. పండుకున్నడు."

"జల్ది లేపు."

గనిలో మందుగుండు పేల్చే సదయ్య లుంగీ మీద, నిద్రకళ్ళతో వచ్చాడు. పోలీసును చూసి బిత్తరపోయాడు.

"కాకా, శుక్రారం నువ్వు డ్యూటీల ఉన్నవా?" అంది అనసూర్య.

"ఉన్న."

"బ్లాస్టింగ్ పడ్డదా?"

"యాడ పడ్డది? రంధ్రాలల్ల మందు నింపినం, సైరన్ కొట్టినం, అందర్నీ పంపిచ్చినం. గంతల్నే మెరుపులు షురువైనయి. మెరుపు ఉంటె పేల్చొద్దు, రూలు. మేనేజర్ సాబ్ ఆపుమన్నడు. రాత్రంత కావలి పెట్టి తెల్లారి శనారం పది గంటలకు పేల్చినం. రిజిస్టర్ల నా సంతకం ఉన్నది సార్, కావాలంటె చూసుకోన్రి."

సత్తిబాబు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అబద్ధమాడే మనిషి కాదు గానీ, ఓడిపోవడం అలవాటు లేని మనిషి.

"పక్క గనిది అయ్యుండొచ్చు కదా?" అన్నాడు చివరికి, అడగాలి కాబట్టి.

"పక్క గనిది ఈడిదాక రాదు సార్" అన్నాడు సదయ్య.

"మరి ఆ కుదుపేంటి?"

"మోకాలితోని బల్లను తన్నిండు సార్" అంది అనసూర్య. "పొద్దున్నే రికార్డు చేసిండు. గడియారం ముందుకు తిప్పుకున్నడు, కెమెరాల టైము మార్చుకున్నడు. వేరే ఊరోడైతే గంతటితోని ఊకుంటుండె. వీడు ఈడోడు. రెండూ యాభైకి కుదుపు లేకుంటె కాలనీల చిన్నపోరడు సుత పట్టుకుంటడని తెలుసు. అందుకే కుదుపు కూడ వండి వెట్టిండు. మధ్యాహ్నం మబ్బువట్టి బ్లాస్టింగ్ ఆగుతదని పొద్దున ఎవలకు తెలుసు?"

"ఆగిపోయిందని తెలిశాక ఆ ముక్క తీసేసి పంపొచ్చుగా?"

"అప్పటికే మామను కొట్టిండు. చేతిల ఉన్నది ఆ ఒక్క ఫైలే. మమత ఎట్లయినా ఆ ముక్క తీసేస్తది, ఎవలకూ కనబడదనుకున్నడు. అందుకే అసలు ఫైలు తీసెయ్యమన్నడు సార్. మీరు ఆ ముక్క చూసి నవ్విన్రు. నేను చూసి ఏడ్చిన. ఇద్దరం నమ్మినం."

ఆ చివరి మాట ఆమె కావాలనే అంది. మొగమాటానికి కాదు, నిజం కాబట్టి. సత్తిబాబు కొంచెం తేరుకున్నాడు. ఫోన్ తీసి స్టేషన్‌కు చేశాడు.

"ఆ ఉపేందర్ కాగితాలు ఆపండి. అవును, ఆపమంటున్నాను. నేనొచ్చి చెప్తాను."

కిటికీ అవతల సారవ్వ చెంగు నోట్లో కుక్కుకుని అలాగే గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది.

"అనసూర్యగారూ" అన్నాడు సత్తిబాబు, గొంతు తగ్గించి. "మా దగ్గరున్నది ఫైనల్ వీడియోనే. అందులో కుదుపు లేదు, అతని మాటా లేదు. ఆ పదకొండు సెకన్లు లేకపోతే రేపు కోర్టులో మనం చెప్పేది కట్టుకథే."

"మమత దగ్గర ఉన్నది సార్. తియ్యొద్దని చెప్పొచ్చిన."

"ఫోన్ చెయ్యండి."

చేసింది. స్పీకర్ పెట్టింది. ఆరుసార్లు మోగాక మమత ఎత్తింది.

"మమతా, ఆ శుక్రారం ఫైలు…"

"అక్కా, మీ పెండ్లి ఆల్బం ఇంక కాలే" అంది మమత. గొంతు పలచగా, ఎవరో చదివిస్తున్నట్టుగా ఉంది. "జర టైం వడ్తదక్కా. పనిల ఉన్న."

అనసూర్య పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ కాలంలో ఆల్బం తీయించుకునే స్తోమత కూడా లేదు. ఆమె సత్తిబాబు వైపు చూసింది. అతను అప్పటికే డ్రైవర్‌కు సైగ చేస్తున్నాడు.

"సరే బిడ్డా, ఫికర్ చెయ్యకు. నీ పక్కన ఎవలన్న…"

ఫోన్ చేతులు మారిన చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు.

"నమస్తె అక్కా, నేను భూపాల్‌ను." తెరమీద విన్న గొంతే, అదే నిదానం. "పొద్దున నువ్వొచ్చి నా వీడియో ఏడుసార్లు తిప్పిచ్చినవట గదా. గంత నచ్చిందా? నేను సుత చూద్దామని వచ్చిన. మమత మస్తు మంచిగ కట్ చేస్తది. ఎక్కడ కోసిందో నాకే కనబడ్తలేదు. ఇగో, చూపియ్యమని అడుగుతున్న."

"భూపాల్, ఆ పిల్ల జోలికి…"

కిటికీ రెక్కలు గడగడలాడాయి. నేల ఒక్కసారి లేచి దిగినట్టయింది. పైకప్పు నుంచి సున్నం రాలింది, దుప్పటి మీద ఇత్తడి బిందె సన్నగా మోగింది. ఆ వెనకే పెద్ద ఉరుములా చప్పుడు లైను మొత్తాన్నీ దాటుకుంటూ పోయింది. సరిగ్గా రెండూ యాభై.

ఫోన్లో అవతల మమత వెక్కిన చప్పుడు ఒక్కటే.

తర్వాత భూపాల్ మెల్లగా అడిగాడు.

"ఇయ్యాల పడ్డదా అక్కా?"